ప్రవాహంలో పట్టు

ఏ.ఎస్. రావు నగర్ మెయిన్ రోడ్డు వెంట పిల్లల డాక్టర్ల బోర్డులూ, వాటిని ఆనుకుని రక్తపరీక్షల ల్యాబులూ ఉంటాయి. పుట్టి రెండు రోజులైనా కాని బిడ్డ పాలు సరిగా తాగడం లేదంటే డాక్టరు ముందుగా రాసేది సి.బి.పి., అంటే రక్తకణాల లెక్క. సాయంత్రానికి రిపోర్టు చేతికొస్తుంది. తెల్లకణాలు 18,000 అని ఉంటుంది. పక్కనే పెద్దవాళ్ల కోసం అచ్చువేసిన హద్దు, 4,000 నుంచి 11,000. అది చూసి తండ్రి గుండె జారిపోతుంది. నిజానికి మొదటి రోజున 9,000 నుంచి 30,000 దాకా ఉండటం మామూలే. ఇంకో తమాషా ఏమిటంటే, బిడ్డ గుక్కపట్టి ఏడ్చాక రక్తం తీస్తే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది.

ఏడుపుకీ లెక్కకీ ఏమిటి సంబంధం? ఏడ్చినంత మాత్రాన కొత్త కణాలు పుట్టవు. తెల్లకణాల్లో ఒక రకం న్యూట్రోఫిల్స్. రక్తంలో ఉన్న వాటిలో ఇంచుమించు సగం ఏ సమయంలో చూసినా ప్రవాహంలో తిరుగుతూ ఉండవు. చిన్న చిన్న నాళాల గోడలను ఆనుకుని ఆగుతూ, మెల్లగా కదులుతూ ఉంటాయి. గుండె వేగం పెరిగి రక్తం జోరందుకుంటే వాటిలో కొన్ని గోడ వదిలి ప్రవాహంలో కలుస్తాయి. సూదిలోకి వచ్చేవి ప్రవాహంలో ఉన్నవే కాబట్టి లెక్క పెరిగినట్టు కనిపిస్తుంది.

ఆ లెక్క తీసే యంత్రం సంగతి ఈ కాలనీవాళ్లకు చెబితే ఇట్టే పట్టేస్తారు. కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థకు వ్యవస్థాపకుడు. అణు పరికరాలు, రేడియేషన్ కొలిచే సాధనాలు తయారుచేసిన ఆ సంస్థలో పనిచేసి రిటైరైనవారు ఇక్కడ ఇప్పటికీ సాయంత్రం వాకింగులో కనిపిస్తారు. పల్సులు లెక్కపెట్టడం వాళ్లకు జీవితకాలపు పని. రక్తకణాల యంత్రం చేసేదీ అదే. రక్తాన్ని ఉప్పునీటిలో పలచన చేసి, ఎర్రకణాలను కరిగించేసి, సన్నని రంధ్రం గుండా లాగుతారు. రంధ్రానికి రెండు పక్కలా ఎలక్ట్రోడ్లు, మధ్యలో విద్యుత్తు. కణం ఉప్పునీటి కన్నా బలహీనమైన వాహకం. అది రంధ్రంలో ఉన్నంతసేపూ నిరోధం పెరిగి ఒక పల్సు పుడుతుంది. పల్సు ఎత్తును బట్టి కణం పరిమాణం తెలుస్తుంది. వాలెస్ కౌల్టర్ ఈ ఉపాయానికి 1953లో పేటెంటు పొందాడు. చక్కని యంత్రమే, కానీ రంధ్రం దాటినవాటినే లెక్కపెట్టగలదు. గోడ పట్టుకుని ఉన్న సగాన్ని అది చూడలేదు, ఏ కణానికి ఎంత పట్టు ఉందో చెప్పలేదు. పసికందు విషయంలో ముఖ్యమైన ప్రశ్న అదే. సెకనుకు కొన్ని వందల మైక్రాన్ల వేగంతో కొట్టుకుపోతున్న కణం, అవసరమైన చోట, అవసరమైన క్షణంలో గోడను పట్టుకుని ఎలా ఆగుతుంది? అప్పుడే పుట్టిన బిడ్డలో ఆ పని ఎందుకు సగంలో ఉంటుంది?

ముందు కణాన్ని చూద్దాం. గాజు పలక మీద రక్తపు బొట్టు పెట్టి, ఇంకో పలక అంచుతో పలచగా లాగి, ఆరనిచ్చి, లీష్మన్ రంగు వేస్తారు. మైక్రోస్కోపులో గులాబీ రంగు ఎర్రకణాల మధ్య అక్కడక్కడా న్యూట్రోఫిల్ దొరుకుతుంది. వెడల్పు 12 నుంచి 15 మైక్రాన్లు. లోపల సన్నని లేత ఊదా రేణువులు. కేంద్రకం ఒకే ముద్దగా ఉండదు, మూడో నాలుగో తమ్మెలుగా విడిపోయి, తమ్మెకీ తమ్మెకీ మధ్య దారంలాంటి బంధంతో ఉంటుంది. ఇరుకు సందుల్లోంచి దూరేటప్పుడు ఈ ముక్కల అమరిక బాగా పనికొస్తుంది. పసిబిడ్డ రక్తంలో తమ్మెలు ఇంకా తెగని, వంకీలాంటి కేంద్రకమున్న కణాలు కొంచెం ఎక్కువ కనిపిస్తాయి. అవి ఎముక మజ్జ నుంచి తొందరగా బయటికొచ్చిన కుర్రకణాలు.

అయితే పలక మీద ఉన్నది చదునైపోయి ఎండిన కణం. ప్రాణంతో ఉన్న న్యూట్రోఫిల్ ఉపరితలం నున్నగా ఉండదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఒళ్లంతా ముడతలు, పొట్టి పొట్టి మొనలు. పట్టుకునే పనిముట్లు ఆ మొనల మీద ఎక్కడ ఉన్నాయన్నదే ఈ పనితనానికి ఆయువుపట్టు. ఎల్-సెలెక్టిన్, పీఎస్‌జీఎల్-1 అనే రెండు ప్రోటీన్లు మొనల చివర్లలో ఉంటాయి. గోడకు ముందుగా తగిలేవి అవే. గట్టిగా బిగించే ఇంటెగ్రిన్లు ఎక్కువగా కిందిభాగంలో, కణం ఒంటి మీద ఉంటాయి. తొలి స్పర్శకు ఒక జాతి, తుది బిగింపుకు ఇంకో జాతి. రెండింటికీ వేర్వేరు ఎత్తుల్లో చోటు.

ఇక గోడ. రక్తనాళం లోపలి పొర ఎండోథీలియం, పరచిన పలకల్లాంటి కణాలు ఒకదానికొకటి అంచులు కలిపి నిలబడిన ఒకే ఒక్క వరస. న్యూట్రోఫిల్స్ గోడ పట్టుకునేది ప్రధానంగా కేశనాళికలు దాటిన వెంటనే వచ్చే చిన్న సిరల్లో. అక్కడ ప్రవాహం కాస్త నెమ్మదిస్తుంది. ఎర్రకణాలు గుంపుగా మధ్యలో సాగుతూ, పెద్దవైన తెల్లకణాలను అంచులకు నెడతాయి. అంటే గోడకు దగ్గరగా చేర్చే పని ఎర్రకణాలదే. వాటికి ఎవరూ చెప్పక్కర్లేదు, ప్రవాహ ధర్మమే ఆ పని చేయించుకుంటుంది.

ఆరోగ్యంగా ఉన్న గోడ జారుడుగా ఉంటుంది. కిందనున్న కణజాలంలో సూక్ష్మజీవులు చేరాయనుకుందాం. హిస్టమిన్ లాంటి సంకేతాలు గోడ కణాలకు చేరతాయి. గోడ కణాల లోపల పొడుగాటి చిన్న సంచులు ముందే సిద్ధంగా ఉంటాయి. వాటిని 1964లో మొదట వర్ణించిన ఎవాల్డ్ వైబెల్, జార్జ్ పలాడె పేర్లతోనే పిలుస్తున్నారు. ఆ సంచుల పొరలో పి-సెలెక్టిన్ దాచిపెట్టి ఉంటుంది. సంకేతం అందగానే సంచి పైకొచ్చి కణపు పొరలో కలిసిపోతుంది, నిమిషాల్లో పి-సెలెక్టిన్ గోడ బయటికి తేలుతుంది. తయారుచేసుకునే సమయం లేనప్పుడు వాడుకునే నిల్వ సరుకు ఇది. ఈ లోపల ఇ-సెలెక్టిన్ అనే ఇంకోదాన్ని గోడ కొత్తగా తయారుచేస్తుంది, దానికి మూడు నాలుగు గంటలు పడుతుంది.

ఇప్పుడు మొదటి తాకిడి. న్యూట్రోఫిల్ మొన చివరనున్న పీఎస్‌జీఎల్-1 నిటారుగా నిలబడిన పొడుగాటి ప్రోటీను, దాని ఒంటినిండా చక్కెర కొమ్మలు. ఒక కొమ్మ చివర సియాలిల్ లూయిస్ ఎక్స్ అనే నాలుగు చక్కెరల అమరిక ఉంటుంది, అందులో ఒకటి ఫ్యూకోజ్. పి-సెలెక్టిన్ కొస ఈ అమరికను గుర్తుపట్టి పట్టుకుంటుంది. ఆ పట్టు సెకను కూడా నిలవదు. కానీ వెనక బంధం తెగేలోగా ముందు కొత్త బంధం పడుతుంది. దాంతో కణం ఆగకుండా, కొట్టుకుపోకుండా గోడ మీద దొర్లుతుంది. వేగం సెకనుకు వందల మైక్రాన్ల నుంచి కొన్ని మైక్రాన్లకో, కొన్ని పదులకో దిగుతుంది.

కప్ప ఒంట్లోని నాళాల్లో తెల్లకణాలు గోడవెంట ఇలా నెమ్మదిగా సాగడం పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలోనే చూశారు. 1867లో జూలియస్ కోన్‌హైమ్ అవి గోడ దాటి బయటికి రావడాన్నీ వర్ణించాడు. ఎందుకు దొర్లుతుందన్నది తేలడానికి ఇంకో నూట ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1991లో హార్వర్డ్‌లో మైకేల్ లారెన్స్, తిమొతీ స్ప్రింగర్ ఒక కృత్రిమ పొర మీద సెలెక్టిన్ ఒక్కటే అతికించి, దాని మీదుగా న్యూట్రోఫిల్స్‌ను ప్రవహింపజేశారు. అవి దొర్లాయి కానీ ఆగలేదు. ఇంటెగ్రిన్ పట్టుకునే ఐకామ్-1 ఒక్కటే పెడితే కొట్టుకుపోయాయి. రెండూ పెట్టి, కణాలను రెచ్చగొట్టే రసాయనం కలిపితే దొర్లి, తరవాత ఆగాయి. దొర్లకుండా ఆగడం సాధ్యం కాదని అంత పొందికైన ప్రయోగంతో తేలిపోయింది.

దొర్లుడులో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకునేది ఒకటుంది. మామూలు బంధాన్ని లాగితే తొందరగా తెగుతుంది. పి-సెలెక్టిన్, పీఎస్‌జీఎల్-1 బంధం ఒక హద్దు వరకు లాగేకొద్దీ ఎక్కువసేపు నిలుస్తుంది. బావిలో చేదకు వేసే ఉచ్చుముడి బరువు పడేకొద్దీ బిగిసినట్టు. ఆ హద్దు దాటితే తెగిపోతుంది. 2003లో ఒక్కొక్క అణువును విడిగా లాగి కొలిచి ఈ సంగతి తేల్చారు. దీని వల్ల ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది: ప్రవాహం మరీ మందగిస్తే దొర్లుడు సరిగా నిలవదు. కొట్టుకుపోయేలా చేసే శక్తే పట్టును నిలబెడుతుంది. ప్రవాహం ఇంకా జోరుగా ఉన్నప్పుడు కణం మరో ఉపాయం చేస్తుంది. వెనకవైపు మొనలు లాగుడుకు సాగి, పొరతో అల్లిన సన్నని తాళ్లలా మారతాయి, తెగినవి ముందుకు ఎగిరి మళ్లీ గోడకు అతుక్కుంటాయి. 2012లో కాలిఫోర్నియాలోని లా హొయా ప్రయోగశాలలో దీన్ని కళ్లారా చూశారు.

దొర్లుతున్న కణానికి ఆగమని చెప్పేదెవరు? ఐఎల్-8 లాంటి కెమోకైన్లు. అవి రక్తంలో వదిలేస్తే క్షణంలో కొట్టుకుపోయి ఎక్కడెక్కడో తప్పుడు కబురు చేరేస్తాయి. అందుకే గోడ కణాల మీదున్న హెపరాన్ సల్ఫేట్ గొలుసులు వాటిని పట్టి ఉంచుతాయి. కబురు గోడకు అంటించి ఉంటుంది, అక్కడ దొర్లే కణమే చదువుకుంటుంది. చదివిన క్షణంలో కణం లోపల ఒక వరస కదులుతుంది. ఎల్ఎఫ్ఏ-1 అనే ఇంటెగ్రిన్ అప్పటిదాకా నడుం వంచి, తల పొరవైపు పెట్టుకుని ఉంటుంది. లోపలి నుంచి టాలిన్, కిండ్లిన్-3 అనే ప్రోటీన్లు దాని తోకను పట్టగానే నిటారుగా లేస్తుంది, తలలోని చేతులు విచ్చుకుంటాయి. గోడ మీదున్న ఐకామ్-1ను పట్టుకుంటుంది. వేలకొద్దీ ఇంటెగ్రిన్లు ఒకేసారి లేచాయంటే కణం గోడకు అతుక్కుపోయినట్టే. ఇదంతా సెకను లోపే. లోపలి కబురుతో బయటి చేయి తెరుచుకోవడమన్నది ఇంటెగ్రిన్ల ప్రత్యేకత. నిత్యం తెరిచే ఉంచితే రక్తంలో ప్రతిదానికీ అతుక్కుపోయేవి.

ఆగాక కణం చదునై గోడ మీద పాకుతుంది. దీనికి ఎల్ఎఫ్ఏ-1కు తోబుట్టువైన మ్యాక్-1 ప్రధానం. రెండింటిలోనూ ఒక గొలుసు ఉమ్మడి, దానిపేరు సీడీ-18. ఈ పేరు గుర్తుంచుకోవాలి, ముందు చాలా పని ఉంది దీనితో. పాకుతూ పాకుతూ గోడ కణాల అంచులు కలిసే చోటు వెతుక్కుంటుంది. అక్కడ గోడ కణాలు తమ అంచుల అతుకును వదులు చేస్తాయి. కణం మొదట సన్నని పాదం దూర్చి, తమ్మెల కేంద్రకాన్ని వెనకాలే లాక్కుని, కొద్ది నిమిషాల్లో అవతలికి చేరుతుంది. ఆ తరవాత అతుకు మూసుకుంటుంది, నాళం లీకవదు.

పెద్దవాళ్లలో జరిగే వరస ఇది. పుట్టిన బిడ్డ కణాల్లోనూ ఇవే భాగాలు, ఇదే క్రమం. లేని భాగమంటూ ఒక్కటీ లేదు. తేడా అంతా ఎంత ఉంది, ఎంత తొందరగా అందుతుంది అన్నదానిలో.

మొదటిది, మొన చివరి ఎల్-సెలెక్టిన్. హ్యూస్టన్‌లో డొనాల్డ్ ఆండర్సన్, వేన్ స్మిత్ తదితరులు 1991లో ప్రచురించిన పరిశోధనలో నవజాత శిశువుల న్యూట్రోఫిల్స్ మీద ఇది పెద్దవాళ్లకన్నా తక్కువగా ఉందనీ, ప్రవాహంలో గోడకు అంటుకోలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణమనీ చూపించారు. పీఎస్‌జీఎల్-1 కూడా తక్కువే. గోడవైపు చూస్తే, నెలలు నిండని బిడ్డల నాళాల్లో దాచిపెట్టిన పి-సెలెక్టిన్ నిల్వ కూడా తక్కువ. అంటే పట్టుకునే చేయీ అసంపూర్తే, పట్టు ఇవ్వాల్సిన గోడా అసంపూర్తే. రెండు తక్కువలు కలిస్తే నష్టం ఇంకా ఎక్కువ.

ఇంటెగ్రిన్ల సంగతి ఇంకా సూక్ష్మం. ఎల్ఎఫ్ఏ-1 పెద్దవాళ్లతో దాదాపు సమానంగా ఉంటుంది. మ్యాక్-1 కూడా కణం నెమ్మదిగా ఉన్నప్పుడు ఉపరితలం మీద చూస్తే తేడా పెద్దగా తెలియదు. అసలు సంగతి కబురు అందినప్పుడు బయటపడుతుంది. మ్యాక్-1లో ఎక్కువ భాగం కణం లోపలి రేణువుల్లో నిల్వ ఉంటుంది, కబురు రాగానే అవి పైకొచ్చి పొరలో కలవాలి. పసిబిడ్డ కణంలో ఆ నిల్వే తక్కువ. అందుకే పెద్దవాళ్ల కణం ఒక్కసారిగా మ్యాక్-1ను పలు రెట్లు పెంచుకునే చోట, పసిబిడ్డ కణం కొద్దిగా పెంచి ఊరుకుంటుంది. నిలకడలో సమానం, పరుగులో వెనకబాటు. కేవలం ఊరికే ఉన్న కణాన్ని పరీక్షించి అంతా బాగుందనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. దీనికి తోడు కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ పోగులు వేగంగా అల్లుకోవు, కణం సులభంగా ఒళ్లు మార్చుకోదు, కెమోకైన్ల వాసన పట్టి వెళ్లడంలో జాప్యం. ఎముక మజ్జలో సిద్ధంగా ఉన్న న్యూట్రోఫిల్స్ నిల్వ కూడా చిన్నదే.

ఈ తేడాలను కొలిచే పరికరం చిన్నదే, చూడముచ్చటగా ఉంటుంది. దీర్ఘచతురస్రాకారపు సన్నని గాజు గొట్టం లోపలి గోడకు పి-సెలెక్టిన్, ఐకామ్-1, కెమోకైన్ పూత వేస్తారు. సిరంజి పంపుతో రక్తాన్ని నిర్ణీత వేగంతో పంపి, కింద మైక్రోస్కోపు పెట్టి వీడియో తీస్తారు. ఎన్ని కణాలు దొర్లాయి, ఏ వేగంతో, ఎన్ని ఆగాయి లెక్కపెడతారు. మ్యూనిక్‌లో మార్కస్ స్పెరాండియో బృందం ఇలా పరీక్షించి 2013లో ప్రచురించిన ఫలితం స్పష్టం: గర్భస్థ దశ ఎంత తొలిదైతే దొర్లుడూ పట్టూ అంత తక్కువ, వారాలు గడిచేకొద్దీ రెండూ పెరుగుతాయి. ముప్ఫై వారాల లోపు పుట్టిన బిడ్డల కణాల్లో ఇది మరీ బలహీనం. తల్లి కడుపులోని కాలానికీ కణపు మొనలకూ ఇంత దగ్గర సంబంధం ఉంది.

ఇటువంటి ప్రయోగాల్లో గోడ కణాలు కూడా కావాలి. వాటిని చాలాకాలంగా ఇచ్చేది బొడ్డుతాడే. కోసిన తాడును అడ్డంగా చూస్తే జిగురు పదార్థం మధ్య మూడు నాళాలు కనిపిస్తాయి, రెండు సన్నని ధమనులు, ఒక పెద్ద సిర. ఆ సిరలోకి కొలాజినేజ్ ఎంజైమును ఎక్కించి కొద్దిసేపు ఉంచితే లోపలి వరస కణాలు విడివడతాయి. కడిగి తీసి పాత్రలో పెంచుతారు. ఎరిక్ జాఫీ బృందం 1973లో ఈ పద్ధతి వర్ణించింది. నాళాల మీద ప్రపంచవ్యాప్తంగా జరిగే పరిశోధనల్లో అప్పటి నుంచీ విరివిగా వాడేది ప్రసూతి గదిలో పారేసే ఈ తాడు కణాలనే.

ఇంతకూ బిడ్డను ఇలా ఎందుకు అసంపూర్తిగా పంపుతుంది ప్రకృతి? నాకు తోచిన అర్థం ఇది. గర్భంలో తరిమికొట్టడానికి శత్రువులు దాదాపు లేరు. పైగా తల్లి కణాలకు అతి దగ్గరలో, సున్నితమైన అవయవాలు రూపుకట్టుకుంటున్న వేళ, న్యూట్రోఫిల్స్ అతుక్కుని లోపలి ఎంజైములు వదిలితే నష్టమే. ఎదిగే మెదడు, ఊపిరితిత్తుల నాళాలకు పట్టు తక్కువగా ఉండటమే మేలు. నెలతక్కువ బిడ్డల్లో ఊపిరితిత్తుల దెబ్బకు న్యూట్రోఫిల్స్ కూడా కారణమవుతాయని తెలిసిందే కదా. ఈ అమరిక పుట్టుక దాకా సరిపోతుంది. పుట్టిన నిమిషం నుంచి చర్మం మీదా, పేగులోనూ బాక్టీరియా చేరతాయి. కొన్ని రోజుల వ్యవధిలో కణాల పట్టుకునే చేతులు ఎదగాలి. నెలలు నిండని బిడ్డకు ఆ వ్యవధి ఇవ్వకుండానే లోకం ఎదురొస్తుంది.

డాక్టర్ల గదిలో ఈ లోటు ఇలా కనిపిస్తుంది. పెద్దవాడికి ఇన్‌ఫెక్షన్ వస్తే జ్వరం, ఎర్రదనం, చీము. పసిబిడ్డకు ఒళ్లు చల్లబడొచ్చు, పాలు తాగదు, మగతగా పడి ఉంటుంది, జ్వరం లేకపోవచ్చు. తెల్లకణాల లెక్క పెరగకపోగా, కొన్నిసార్లు న్యూట్రోఫిల్స్ పడిపోతాయి, మజ్జలోని చిన్న నిల్వ అయిపోయిందన్నమాట. అలా పడిపోవడం 18,000 చూసి భయపడటం కన్నా చాలా ఎక్కువ భయపడాల్సిన సంగతి. అయితే లెక్క పెంచితే సరిపోతుందా? బ్రిటన్‌లో 31 వారాలు, అంతకు తక్కువలో పుట్టిన 280 మంది చిన్నారుల మీద జీఎం-సీఎస్‌ఎఫ్ మందు పరీక్షించి 2009లో ఫలితం ప్రకటించారు. న్యూట్రోఫిల్స్ లెక్క పెరిగింది. సెప్సిస్, అంటే ఒళ్లంతా దెబ్బతీసే ఇన్‌ఫెక్షన్, లేకుండా బతకడంలో మెరుగు కనిపించలేదు. సంఖ్య పెంచినా మొనల చివర్లు, మ్యాక్-1 నిల్వ పెరగవు కదా. అందుకే వార్డుల్లో చేతులు కడుక్కోవడం, తల్లిపాలు, తల్లి గుండెకు ఆనించి పెట్టడం లాంటి సాదా పనులకు అంత విలువ.

ఇప్పటిదాకా చెప్పింది ప్రతి బిడ్డలో ఉండే, కాలంతో తీరే లోటు. అదే వరసలో ఒక్క మెట్టు పూర్తిగా లేకపోతే ఏమవుతుందో చెప్పే బిడ్డలూ ఉన్నారు, చాలా అరుదుగా.

మన ఇళ్లల్లో పురుడు రోజు దగ్గరపడేసరికి అమ్మమ్మ అడిగే మొదటి ప్రశ్న, "బొడ్డు ఊడిందా?" మామూలుగా ఒకటి రెండు వారాల్లో ఊడుతుంది. ఎండిన తాడుకూ బతికున్న చర్మానికీ మధ్య గీతలోకి న్యూట్రోఫిల్స్ దిగి, అతుకును కరిగించి విడదీస్తాయి. అంటే తాడు ఊడటం కూడా ఇప్పుడు చెప్పుకున్న గోడ పట్టు మీదే ఆధారపడి ఉంది. 1979లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక నివేదికలో కొందరు బిడ్డల బొడ్డు చాలా ఆలస్యంగా ఊడటం, తరచూ తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు రావడం, న్యూట్రోఫిల్స్ సరిగా కదలకపోవడం ఒక్కచోట చెప్పారు. తరవాతి ఏళ్లలో కారణం సీడీ-18 అని తేలింది. దాని జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంది. ఆ గొలుసు లేకపోతే ఎల్ఎఫ్ఏ-1, మ్యాక్-1 రెండూ పైకి రావు. కణాలు దొర్లుతాయి, ఆగవు. పుండు దగ్గర చీము పట్టదు, ఎందుకంటే చీమంటే గోడ దాటి చేరిన ఈ కణాల గుంపే. రక్తంలో మాత్రం కణాలు పేరుకుపోతాయి, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు లక్ష దాటిపోవచ్చు. రక్తం నిండా సైనికులు, పుండు దగ్గర ఒక్కరూ లేరు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మూడు వారాలు దాటినా బొడ్డు ఊడలేదంటే ఈ జబ్బే అని కాదు. ఏ లోపమూ లేని బిడ్డల్లోనూ ఆలస్యమవుతుంది, రోజూ స్పిరిట్ లాంటివి రాస్తే ఇంకా ఆలస్యమవుతుంది. పొడిగా, శుభ్రంగా ఉంచి, ఏమీ రాయకుండా వదిలేయమని డాక్టర్లు చెప్పేది అందుకే. ఆలస్యంతో పాటు ఇన్‌ఫెక్షన్లు, ఎప్పుడూ తగ్గని పెద్ద లెక్క కనిపిస్తే అప్పుడు ఆలోచించాలి. ఈ జబ్బు తల్లి నుంచి ఒక లోపపు ప్రతి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే కనిపిస్తుంది, ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన రెండు రాష్ట్రాల్లో ఈ లెక్క పుస్తకాల్లో మాటగా మిగిలిపోదు.

పరీక్ష ఫ్లో సైటోమెట్రీతో. కొద్దిపాటి రక్తంలో సీడీ-18ను పట్టుకునే, వెలుగిచ్చే రంగు తగిలించిన యాంటీబాడీలు కలుపుతారు. కణాలు ఒక్కొక్కటిగా లేజరు కాంతి ముందు నుంచి వెళ్తాయి. మామూలు బిడ్డ కణాలు కాంతి ఎక్కువున్న పక్క గుట్టలా కనిపిస్తాయి. జబ్బు తీవ్రంగా ఉన్న బిడ్డవి అసలు రంగు కలపని కణాల పక్కనే నిలుస్తాయి, వాటి మీద సీడీ-18 సాధారణంలో రెండు శాతం కన్నా తక్కువ. ముంబైలోని ఐసీఎమ్ఆర్ వారి రక్త, రోగనిరోధక శాస్త్ర సంస్థ మన దేశపు కేసుల వివరాలు ఇలాగే రాసింది. తీవ్రమైన రూపానికి ఎముక మజ్జ మార్పిడి నిలకడైన చికిత్స.

ఈ జబ్బుకే ఉన్న ఇంకో రూపానికి మన దేశంతో వింత బంధుత్వం ఉంది. 1952లో ముంబైలో వై.ఎం. భెండే బృందం కనుక్కున్న బాంబే బ్లడ్ గ్రూపు అందరికీ తెలిసిందే, అందులో ఎర్రకణాల మీద హెచ్ యాంటీజెన్ ఉండదు. ఆ యాంటీజెన్ చివరి చక్కెర ఫ్యూకోజ్. 1992లో ఇజ్రాయెల్‌లో వర్ణించిన ఇద్దరు పిల్లలకు ఆ గ్రూపే ఉంది. వారి న్యూట్రోఫిల్స్ మీద సియాలిల్ లూయిస్ ఎక్స్ కూడా లేదు. ఇంటెగ్రిన్లు బాగున్నాయి, మొదటి మెట్టు దొర్లుడే లేదు. ఒకే చక్కెర రెండు చోట్లా కరువైందన్నమాట. సాధారణ బాంబే గ్రూపువారికి మాత్రం ఈ ఇబ్బంది లేదు, వారిలో హెచ్‌కు ఫ్యూకోజ్ తగిలించే పని ఒక్కటే దెబ్బతింటుంది, న్యూట్రోఫిల్‌కు తగిలించే పని సాగుతూనే ఉంటుంది. ఈ పిల్లల్లో చెడింది ఫ్యూకోజ్‌ను కణం లోపలి గోల్జీ సంచుల్లోకి చేరవేసే రవాణా ప్రోటీను.

జర్మనీలో ఒక టర్కీ కుటుంబపు బిడ్డకు ఇదే జబ్బని తేలాక డాక్టర్లు ఫ్యూకోజ్‌ను నోటి ద్వారా ఇచ్చి చూశారు, 1999లో ఫలితం ప్రచురించారు. కణాల మీద సెలెక్టిన్ పట్టుకునే చక్కెర కొమ్మలు తిరిగి వచ్చాయి, ఇన్‌ఫెక్షన్లు, జ్వరాలు ఆగాయి, న్యూట్రోఫిల్స్ లెక్క మామూలు హద్దుకు దిగింది. రవాణా ప్రోటీనులో వచ్చిన మార్పు దాని పట్టును తగ్గించినా పూర్తిగా చంపలేదు, సరుకు ఎక్కువైతే కొంతైనా లోపలికి చేరవేయగలిగింది. ఇజ్రాయెల్ పిల్లలకూ అదే చక్కెర ఇచ్చి చూశారు. వాళ్ల మార్పు ఆ ప్రోటీనులో వేరే చోట పడింది. ఎంత ఇచ్చినా కొమ్మలు రాలేదు.